మాట నకిలీ... చూపు అసలు!

వేలంపాట గది. జనం కిటకిటలాడుతున్నారు. ఓ మూలన కాలు విరిగిన కుర్చీలు, రంగు వెలిసిన పటాలు, ఎవరూ చదవని పుస్తకాల కట్టలు. ఆ చెత్త మధ్యలోంచి నలభై దాటిన ఓ మనిషి తీరిగ్గా నడుచుకుంటూ వస్తాడు. ఒంటి మీద నల్ల తోలు జాకెట్. మెడ మీదికి జారిన జుట్టు. జేబు మాత్రం ఖాళీ. ఉన్నట్టుండి ఆగిపోతాడు. చూపు ఓ దుమ్ము పట్టిన పెట్టె మీద నిలిచిపోతుంది. అంతలోనే మొహం మామూలుగా పెట్టేసి, పక్కనున్న పనికిరాని గడియారాన్ని తెగ మెచ్చుకోవడం మొదలుపెడతాడు. ఆ తర్వాత మెల్లగా కెమెరా వైపు తిరిగి, టీవీ ముందు కూర్చున్నవాళ్లతో రహస్యంగా చెబుతాడు... అసలు సంగతేమిటో!

అతనే లవ్‌జాయ్.

అది ఇంటిపేరో, పెట్టిన పేరో ఎవరికీ పట్టదు. స్నేహితులకూ, పోలీసులకూ, అప్పులవాళ్లకూ అతను లవ్‌జాయ్... అంతే! ఈ పేరుతోనే బీబీసీలో 1986 జనవరిలో ఓ సీరియల్ మొదలైంది. ఒక్క సీజన్ నడిచి ఆగిపోయింది. అయిదేళ్లు ఊసే లేదు. ఇక రాదులే అనుకుంటుండగా 1991 జనవరిలో ఆదివారం రాత్రుల్లోకి మళ్లీ వచ్చింది. ఈసారి 1994 డిసెంబర్ దాకా సాగింది. మొత్తం ఆరు సీజన్లు, 70కి పైగా భాగాలు.

షెర్లాక్ హోమ్స్, పాయిరో, మిస్ మార్పుల్ లాంటివాళ్లతో పెరిగిన ఇంగ్లండు ప్రేక్షకులకు ఇతనో కొత్తరకం. డిటెక్టివ్ కాదు. పోలీసు అసలే కాదు. పోలీసు కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునే బాపతు. భార్యతో విడాకులయ్యాయి. ఓ కూతురుంది. చేసేది పాత వస్తువుల వ్యాపారం... అంటే తాతల నాటి బల్లలు, వెండి సామాను, పింగాణీ, బొమ్మలు, పటాలు చవగ్గా కొని ఎక్కువకు అమ్మడం. అయినా ప్రతివారం ఓ చిక్కుముడి వచ్చి అతని ఒళ్లోనే పడుతుంది. అదీ చాలాసార్లు శవం చుట్టూ కాదు, ఓ వస్తువు చుట్టూ! ‘ఎవరు చంపారు?’ అన్న ప్రశ్న ఇక్కడ అరుదు. ‘ఇది అసలా, నకిలీయా? అసలైతే ఎవరిది? వీడి చేతికెలా వచ్చింది?’ ఇవీ ఇక్కడి ప్రశ్నలు.

లవ్‌జాయ్ అబద్ధాలాడతాడు. అమ్మేవాళ్లతో, కొనేవాళ్లతో, ఇష్టపడిన ఆడవాళ్లతో, అద్దె అడిగిన యజమానితో... ఎవరినీ వదలడు. ఒక్కచోట మాత్రం అతని నోరు పెగలదు. నిజంగా గొప్పదైన పాత వస్తువు ఎదురైనప్పుడు! దాని ముందు అతను చేతులు కట్టుకున్న శిష్యుడైపోతాడు. ఇంత అబద్ధాలకోరును కుటుంబాలన్నీ ఆదివారం పూట ఇంట్లోకి రానిచ్చి కూర్చోబెట్టడానికి కారణం వెతికితే, అది ఈ ఒక్క బలహీనతలోనే దొరుకుతుంది.

డాక్టరు కన్న దొంగ

లవ్‌జాయ్ పుట్టింది టీవీలో కాదు, పుస్తకంలో. కన్నది జాన్ గ్రాంట్ అనే వైద్యుడు. సూక్ష్మజీవుల శాస్త్రం ఆయన రంగం. హాంకాంగ్‌లో, లండన్‌లో పాఠాలు చెప్పిన మనిషి. వైద్య విద్యార్థిగా ఉన్న రోజుల్లో లండన్‌లోని పెట్టికోట్ లేన్ సంతలో పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర పనిచేశాడు. రోగాల గురించి కాలేజీలో నేర్చుకుంటే, మనుషుల గురించి అక్కడ నేర్చుకున్నాడన్నమాట! ఆ సరంజామా అంతా మనసులో దాచుకుని, నలభై దాటాక జొనాథన్ గాష్ అన్న కలంపేరుతో రాయడం మొదలుపెట్టాడు.

మొదటి నవల ‘ది జుడాస్ పెయిర్’ 1977లో వచ్చింది. డర్స్ ఎగ్ అనే పనివాడు ఒకప్పుడు లండన్‌లో నిజంగానే ఉండేవాడు. తుపాకుల తయారీలో పేరుమోసినవాడు. కథలో, ఆయన చేసిన ద్వంద్వయుద్ధపు పిస్తోళ్లు పన్నెండు జతలేనని వ్యాపారులందరి నమ్మకం. పదమూడో జత కూడా ఉందని ఓ పుకారు. అదంతా కట్టుకథేనని లవ్‌జాయ్ కొట్టిపారేస్తాడు. కానీ ఆ లేని పిస్తోలుతోనే తన అన్నదమ్ముణ్ణి చంపారంటూ ఒకాయన వచ్చి కూర్చుంటాడు! బ్రిటన్ క్రైమ్ రచయితల సంఘం ఉత్తమ తొలి నవలకు ఇచ్చే జాన్ క్రీసీ అవార్డు ఆ ఏడాది ఈ పుస్తకానికే దక్కింది. ఆ ఊపులో గాష్ మొత్తం రెండు డజన్ల లవ్‌జాయ్ నవలలు రాసేశాడు.

పుస్తకాల్లోని లవ్‌జాయ్‌ని ఇంట్లోకి రానివ్వాలంటే మాత్రం కాస్త ఆలోచించాల్సిందే. మురికి బట్టలు, మొరటు నోరు, ఆడవాళ్ల దగ్గర మరీ అన్యాయమైన ప్రవర్తన. సొంతంగా నకిలీలు తయారుచేసి అమ్మడంలోనూ దిట్ట. కొత్త చెక్కకు పాతదనం ఎలా తేవాలో, రంగుకు వయసు ఎలా పొయ్యాలో కథ మధ్యలో ఆగి మరీ చెబుతుంటాడు. టీవీ కోసం రాసిన ఇయాన్ లా ఫ్రెనే ఈ గరుకంతా చిత్రిక పట్టేశాడు. మొరటుతనం పోయింది, చిలిపితనం మిగిలింది. నవల అభిమానులు కొందరు దీన్ని క్షమించలేదు. వాళ్ల కోపంలో న్యాయముంది. కానీ ఆ పాత లవ్‌జాయ్‌తో డెబ్బై ఆదివారాలు గడపడం ఎవరి తరం?

ఒక సంగతి మాత్రం తెలివిగా కాపాడుకున్నారు. నవలలన్నీ ‘నేను’ అంటూ లవ్‌జాయే చెప్పుకుపోతాడు. ఆ గొంతు టీవీలో పోకుండా ఉండాలంటే ఎలా? అందుకే మాట మధ్యలో కెమెరా వైపు తిరిగి మాట్లాడించారు. ఎదుటివాడికి అబద్ధం, ప్రేక్షకులకు నిజం. దాంతో చూసేవాళ్లు కూడా అతని ముఠాలో చేరిపోయినట్టే!

కొబ్బరికాయ లేకుండానే...

బోరు వేసే ముందు కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా నడిచే పెద్దమనిషిని చూసే ఉంటారు. కాయ నిలబడ్డచోట నీళ్లున్నట్టు లెక్క. లవ్‌జాయ్‌దీ దాదాపు అలాంటి విద్యే. కాయ అక్కర్లేదు. అసలు వస్తువు దగ్గరికి వెళ్తే చాలు, గుండెలో ఏదో గంట కొట్టినట్టవుతుంది. ఈ విద్య ఉన్నవాణ్ణి కథల్లో ‘డివ్వీ’ అంటారు. వ్యాపారులంతా భూతద్దాలు పట్టుకుని తంటాలు పడుతుంటే, ఇతను కళ్లు మూసుకుని చెప్పేస్తాడు.

కథకు ఇది బాగుంటుంది. బయటి లోకంలో గుండె గంటను ఎవరూ నమ్మరు. అక్కడ సాక్ష్యం కావాలి. సాక్ష్యమిచ్చేది చెక్క, మేకు, పురుగు!

చెక్కనే తీసుకోండి. ఎంత ఎండిన చెక్కయినా ఏళ్లు గడిచేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువుగా పెద్దగా తగ్గదు. కాబట్టి 200 ఏళ్ల నాటి గుండ్రటి బల్ల ఇవాళ కచ్చితంగా గుండ్రంగా ఉండదు. కొలిస్తే ఓ వైపు కొంచెం తక్కువ రావాలి. అన్ని వైపులా సమానంగా వచ్చిందంటే అనుమానించాల్సిందే. సొరుగు బయటికి లాగి మూలలు చూడాలి. చేత్తో కోసిన అతుకులు ఒకదానికొకటి సరిగ్గా పోలవు. యంత్రం కోసినవి అచ్చు గుద్దినట్టుంటాయి. చెక్క వెనకవైపు గుండ్రటి రంపం గీతలు విల్లులా వంపు తిరిగి కనిపిస్తే, అది 18వ శతాబ్దపు సామాను అని అమ్మేవాడు ఎంత ఒట్టేసినా నమ్మనక్కర్లేదు. అప్పట్లో చెక్కను నిలువు రంపంతోనే కోసేవారు.

ఇక పురుగు. పాతదనం తేవడానికి కొందరు ఘనులు సన్నటి బర్మాతో చెక్కకు చిల్లులు పెడతారు. కానీ చెదపురుగుకైనా, చెక్కపురుగుకైనా బర్మాలా తిన్నగా దూసుకెళ్లే అలవాటు లేదు. అది లోపల వంకరటింకరగా తిరుగుతుంది. చిల్లులో సూది పెడితే తిన్నగా లోపలిదాకా దిగిపోయిందా... తొలిచింది పురుగు కాదు, మనిషి! మరో మాట. బల్ల పైభాగం మీద చిల్లులకు బదులు కాలువల్లా పొడవాటి గాడులు కనిపిస్తే, ఎక్కడిదో పురుగు తిన్న పాత చెక్కను తెచ్చి మళ్లీ కోసి వాడారని అర్థం.

‘పెళ్లి’ అని ఇంకో మోసముంది. ఒక బీరువా పైభాగం, మరో బీరువా కింది భాగం తెచ్చి ఒకటిగా కలిపేయడం. రెండూ పాతవే, రెండూ అసలువే. కలిసి పుట్టినవి మాత్రం కావు. వ్యాపారులు దీన్ని నిజంగానే ‘మ్యారేజ్’ అంటారు. ఇలాంటి జంటకు ధర సగానికి సగం పడిపోతుంది. అందుకే సంబంధం సంగతి కొనేవాడికి చెప్పరు.

వెండి దగ్గరైతే అసలు ముద్రలే పని చెడగొడతాయి. ఇంగ్లండులో వెండిని పరీక్షించి, సింహం బొమ్మా, ఏ సంవత్సరమో తెలిపే అక్షరమూ ముద్ర వేస్తారు. విరిగిన చిన్న చెంచా మీది పాత ముద్రను కత్తిరించి, కొత్తగా చేసిన పెద్ద పాత్రలో అతికేస్తే? ముద్ర అసలు, పాత్ర నకిలీ. కనిపెట్టడం ఎలా అంటే... నోటితో ఆవిరి ఊదాలి. ముద్ర చుట్టూ టంకం పెట్టిన గీత మసగ్గా తేలుతుంది. ఇంత పెద్ద మోసానికి ఇంత చిన్న మందు!

తలుపు తట్టేవాళ్లు

సీరియల్ ఎక్కువగా తూర్పు ఇంగ్లండులోని సఫోక్, ఎసెక్స్ పల్లెల్లో తీశారు. లావెన్‌హామ్, లాంగ్ మెల్‌ఫర్డ్... ఒకప్పుడు ఉన్ని వ్యాపారంతో బాగా సంపాదించి, తర్వాత నిద్రపోయిన ఊళ్లు. డబ్బున్నప్పుడు కట్టిన ఇళ్లు అలాగే ఉండిపోయాయి. పక్కకు ఒరిగిన చెక్క దూలాల గోడలు, గులాబీ రంగు సున్నం, పొడవాటి ఏకవీధి, దాని నిండా పాత సామాను కొట్లు. లవ్‌జాయ్ స్నేహితురాలు లేడీ జేన్ బంగళాగా చూపించింది ఆ చుట్టుపక్కలదే, బెల్‌చాంప్ హాల్. టీవీ పుణ్యమా అని ఆ ఊళ్లన్నీ జనానికి చిరపరిచితమైపోయాయి.

అందంగా కనిపించే ఈ ఊళ్లలో ఓ చేదు కూడా ఉంది. ఇంటికి వయసు పైబడితే ఇంట్లో ఉండేవాళ్లకూ వయసు పైబడి ఉంటుంది. పెద్ద ఇల్లు, తక్కువ ఆదాయం, ఒంటరి ముసలమ్మ. అటకమీద ఏముందో ఆమెకే తెలియదు. బ్రిటన్‌లో ‘నాకర్లు’ అనే తెగ ఒకటి ఇలాంటి ఇళ్లనే వెతుక్కుంటూ తిరిగేది. పని పేరులోనే ఉంది... తలుపు తట్టడం. పనికిరాని కుండకు మంచి ధర ఇస్తామంటారు. ముసలమ్మ పొంగిపోతుంది. ‘ఇదిగో, ఈ పాత కుర్చీ కూడా పడేస్తారా? తీసుకెళ్లి పొయ్యిలో పెట్టుకుంటాం’ అని, అసలు సరుకు చిల్లరకు పట్టుకుపోతారు.

ఈ బాపతు మనిషి మీద లవ్‌జాయ్ కన్నా ముందే ఓ మంచి కథ వచ్చింది. రోల్డ్ డాల్ 1960లో వేసిన ‘కిస్ కిస్’ సంపుటిలో ఉంది. పాస్టరు వేషం వేసుకుని పల్లెలు తిరిగే వ్యాపారి ఒకడు, రైతు ఇంట్లో వెలకట్టలేని సొరుగుల బల్ల చూస్తాడు. ఆశ బయటపడకుండా, ‘నాక్కావలసింది దీని కాళ్లు మాత్రమే’ అంటాడు. బేరం కుదిరి, కారు తేవడానికి వెళ్తాడు. పాపం, కారులో పట్టదేమోనని రైతులు ఎంతో మర్యాదగా కాళ్లు రంపంతో కోసి, మిగతాదంతా గొడ్డలితో చీల్చి కట్టెలు కొట్టి సిద్ధంగా ఉంచుతారు! ఆ కథలో వ్యాపారికి తగిన శాస్తి జరిగింది. బయట మాత్రం ముసలమ్మలకే జరిగేది.

ఇంకోటి ‘రింగ్’. ఈ మాట తెలుగువాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. టెండర్ల దగ్గర ‘అందరూ రింగయ్యారు’ అని వినని ఊరుందా? అక్కడా అదే. వేలంలో ఒక బల్ల 5 వేల పౌండ్లు పలకాల్సి ఉందనుకోండి. వ్యాపారులంతా ముందే కూడబలుక్కుని నోరు మూసుకుంటారు. ఒక్కడే పాడతాడు. 800కే కొట్టేస్తాడు. సాయంత్రం ఏదో బారు వెనక గదిలో మళ్లీ వాళ్లలో వాళ్లకే రహస్య వేలం. అక్కడ అసలు ధర పలుకుతుంది. పైన వచ్చిందంతా పంచుకుంటారు. పొద్దున బల్ల అమ్ముకున్న కుటుంబానికి దక్కింది ఆ 800లో కమీషన్ పోగా మిగిలింది! దీన్ని నేరం చేస్తూ 1927లోనే చట్టం తెచ్చారు. చట్టం వచ్చిందని రింగు ఆగిపోలేదు. నిరూపించాలంటే లోపలివాడే బయటికొచ్చి చెప్పాలి. ఎందుకు చెబుతాడు, వాటా పోగొట్టుకోవడానికా?

సీరియల్‌లో ఈ వైపంతా చార్లీ గింబర్ట్ మోస్తాడు. లవ్‌జాయ్‌కి పోటీదారు, వేలందారు, పైగా అతను ఉండే ఇంటికి యజమాని. మాల్కమ్ టియర్నీ అనే నటుడు ఈ పాత్రను భలే తియ్యటి విషంలా చేశాడు. లవ్‌జాయ్ మాయ చేసేది సాధారణంగా ఇలాంటివాళ్లనే. ముసలమ్మ దగ్గర మాత్రం తడబడతాడు. లాభం కళ్లెదుట కనిపిస్తున్నా, చివరికి అసలు ధర నోటికి వచ్చేస్తుంది. పక్కనున్న టింకర్ తల పట్టుకుంటాడు.

టింకర్ అంటే పాత్రధారి డడ్లీ సటన్. లవ్‌జాయ్‌కి సరుకు ఆచూకీ మోసుకొచ్చే తాగుబోతు పెద్దాయన. పాత కోటు, తల మీద టోపీ, దొరల కాలం నాటి మర్యాద. అతని జ్ఞాపకశక్తి ముందు ఏ మ్యూజియం రిజిస్టరూ పనికిరాదు. ఏ ఇంట్లో ఏ గడియారం 1950ల్లో ఎవరికి అమ్ముడైందో వరసగా చెప్పగలడు. పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాడు ఎరిక్ పాత్ర క్రిస్ జ్యూరీది. చదువు తక్కువ, తొందర ఎక్కువ. లేడీ జేన్‌గా ఫిలిస్ లోగన్. ఆమెకూ లవ్‌జాయ్‌కీ మధ్య ఉన్నది స్నేహమా, ప్రేమా అన్నది తేల్చకుండా నడిపారు. ఆ తేల్చకపోవడమే బాగుంది.

సూర్యుడు దిగేలోగా కొంటే...

ఇంగ్లండులో ఓ వింత న్యాయసూత్రం ఉండేది. పేరు ‘మార్కెట్ ఓవర్ట్’. మధ్యయుగాల నాటిది. బహిరంగంగా నడిచే గుర్తింపు పొందిన సంతలో, సూర్యోదయం, సూర్యాస్తమయం మధ్య, మంచి నమ్మకంతో ఎవరైనా వస్తువు కొంటే అది వాళ్లదే. తర్వాత దొంగసొత్తని తేలినా సరే! పోగొట్టుకున్న సొంతదారు అదే సంతలో వెతుక్కోవాలి, దొరక్కపోతే అతని ఖర్మ. గుర్రాలూ, గొర్రెలూ అమ్ముకునే కాలంలో సబబే. ఊరంతటికీ ఒకటే సంత కాబట్టి పోగొట్టుకున్నవాడు అక్కడికే వస్తాడు. రైళ్లూ, లారీలూ వచ్చాక? స్కాట్లండులో పోయిన వెండి కూజా లండన్‌లోని బెర్మండ్సీ సంతలో తెల్లారేసరికి చేతులు మారిపోతే సొంతదారుకు తెలిసేదెలా?

ఆ సూత్రాన్ని రద్దు చేస్తూ 1994లో చట్టం చేశారు. 1995 జనవరి 3 నుంచి అమల్లోకి వచ్చింది. లవ్‌జాయ్ ఆఖరి భాగం ప్రసారమై అప్పటికి సరిగ్గా నెల! అనుకుని చేసిందేం కాదు కానీ, అలాంటి మనిషి బతికే లోకం కూడా అతనితోనే మూతపడినట్టుంది. అదే 1995లో అమెరికాలో ఈబే మొదలైంది. అటక మీద దొరికిన కుండ విలువెంతో ముసలమ్మ మనవడు కంప్యూటర్లో చూసి చెప్పే రోజులొచ్చాయి. 2000 తర్వాత పాత ముదురు రంగు చెక్క సామానుకు గిరాకీ కూడా పడిపోయింది. చిన్న ఫ్లాట్లలో తాతగారి బీరువా ఎక్కడ పెట్టుకుంటారు?

నిజం లవ్‌జాయ్‌లు

గాష్ మొదటి నవల రాస్తున్న రోజుల్లోనే, సీరియల్ తీసిన ఆ పల్లెల పక్కనే, ఎసెక్స్‌లోని డెడమ్‌లో ఓ గడ్డం పెద్దాయన ఉండేవాడు. పేరు టామ్ కీటింగ్. పటాలు బాగుచేయడం ఆయన పని. 19వ శతాబ్దపు చిత్రకారుడు సామ్యూల్ పామర్ గీసినట్టుగా 13 బొమ్మలు మార్కెట్లోకి వచ్చాయని, అవి అనుమానాస్పదమని 1976లో ‘ది టైమ్స్’ పత్రిక బయటపెట్టింది. కీటింగ్ దాక్కోలేదు. గీసింది నేనేనంటూ పత్రికకే ఉత్తరం రాశాడు! పామర్‌వే కాదు, వందమందికి పైగా చిత్రకారుల పేర్లతో 2 వేలకు మించి నకిలీలు వదిలానని చెప్పుకున్నాడు.

విచిత్రమేమిటంటే, వాటిలో ఆయన బాంబులు పెట్టి ఉంచాడు. గీయబోయే ముందు ఖాళీ గుడ్డ మీద సీసం కలిసిన తెల్లరంగుతో ఏదో ఒక మాట, కొన్నిసార్లు ఓ బూతు రాసి, దాని మీద బొమ్మ వేసేవాడు. ఎవరైనా ఎక్స్‌రే తీస్తే ఆ రాత బయటపడుతుంది. మరికొన్నింటిలో రంగు కింద గ్లిజరిన్ పూత వేసేవాడు. ఎప్పటికైనా శుభ్రం చేయబోతే బొమ్మంతా కరిగిపోతుంది. అంటే తన దొంగతనాన్ని తానే పట్టించే ఏర్పాటు చేసిపెట్టాడు! పేద చిత్రకారుల రక్తం పీల్చి గ్యాలరీల వాళ్లు లక్షలు గడించారని ఆయన కోపం. 1979లో కేసు నడుస్తుండగా ఆరోగ్యం చెడటంతో విచారణ ఆపేశారు. 1982లో చానల్ 4లో మహా చిత్రకారుల గురించి పాఠాలు చెబుతూ ఇంటింటికీ ఇష్టుడైపోయాడు. 1984లో చనిపోయాడు. లవ్‌జాయ్ తెర మీదికి వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకు. జనం అప్పటికే సిద్ధంగా ఉన్నారన్నమాట!

కీటింగ్‌ది చేతి నేర్పు. ఆ తర్వాతివాడిది కాగితాల నేర్పు. జాన్ డ్రూ అనే మాటకారి, జాన్ మయాట్ అనే పేద చిత్రకారుడితో 1986 నుంచి సుమారు 200 ఆధునిక చిత్రాలకు నకిలీలు గీయించాడు. గోడలకు వేసే ఎమల్షన్ రంగులతో గీసినవి! పరిశీలించి చూస్తే ఎవరైనా పట్టేయొచ్చు. కానీ డ్రూ ఓ ఉపాయం పన్నాడు. టేట్ లాంటి పెద్ద సంస్థల పత్రాల గదుల్లోకి పెద్దమనిషిలా ప్రవేశించి, పాత కేటలాగుల మధ్య తన దొంగ కాగితాలు దూర్చేశాడు. కొనేవాళ్లు వెళ్లి వెతికితే అక్కడే సాక్ష్యం దొరుకుతుంది! బొమ్మను ఎవరు చూస్తారు, కాగితం ఉంటే చాలు. 1999లో డ్రూకు ఆరేళ్లు, మయాట్‌కు ఏడాది జైలు పడింది. ఆ బొమ్మల్లో చాలావాటి ఆచూకీ ఇప్పటికీ తెలియదు.

కాగితం చూసి వస్తువును నమ్మితే ఏమవుతుందో ఆంధ్రదేశానికీ తెలుసు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి మాయమైన 3వ శతాబ్దపు శిల్పం ఒకటి న్యూయార్క్ వ్యాపారి చేతుల మీదుగా 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. బుద్ధుణ్ణి ఆరాధిస్తున్న భక్తుల శిల్పమది. అదక్కడ అసలైన వస్తువే. నకిలీ అయింది అది వచ్చిన దారి! చివరికి 2016లో భారత్‌కు తిరిగి ఇచ్చేశారు. లవ్‌జాయ్ గుండె గంట ఇలాంటిచోట కచ్చితంగా మోగేది. కానీ అది ‘అసలు’ అని మాత్రమే చెబుతుంది, ‘ఎవరి సొత్తు’ అని చెప్పదు. సీరియల్‌లో కూడా ఈ రెండో ప్రశ్న దగ్గరే అతను నీళ్లు నమిలేవాడు.

తెర వెనక తోలు జాకెట్

లవ్‌జాయ్‌గా నటించింది ఇయాన్ మెక్‌షేన్. తండ్రి హ్యారీ మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆడిన ఫుట్‌బాల్ ఆటగాడు. ‘జుడాస్ పెయిర్’ నవల వచ్చిన 1977లోనే ‘జీసస్ ఆఫ్ నజరెత్’లో మెక్‌షేన్ వేసిన పాత్ర ఏమిటో తెలుసా? జుడాస్! ఏసును పట్టించినవాడు. మోసగాడి మొహం మీద జాలి పుట్టించడం అప్పటి నుంచే అలవాటు చేసుకున్నాడేమో. లవ్‌జాయ్ మళ్లీ మొదలైనప్పుడు నిర్మాణంలో ఆయన సొంత సంస్థకూ భాగం ఉంది. ఆ తర్వాత ‘డెడ్‌వుడ్’లో కరడుగట్టిన సారా కొట్టు యజమానిగా చేసి గోల్డెన్ గ్లోబ్ గెలుచుకున్నాడు. ‘జాన్ విక్’ సినిమాల్లో హంతకుల హోటల్ నడిపే విన్‌స్టన్ ఎవరనుకుంటున్నారు? ఆయనే. లేడీ జేన్ ఫిలిస్ లోగన్ తర్వాత ‘డౌన్‌టన్ ఆబీ’లో పనివాళ్లందరినీ అదిలించే మిసెస్ హ్యూస్ అయింది. బంగళా యజమానురాలు బంగళాలో ఉద్యోగి అయిందన్నమాట. టింకర్ డడ్లీ సటన్ 2018లో కన్నుమూశాడు.

చివరగా ఓ ముసలాయన కథ. 2003లో బోల్టన్ పట్టణ మ్యూజియం ఓ చిన్న రాతి విగ్రహం కొంది. 3,300 ఏళ్ల నాటి ఈజిప్టు రాకుమారిదట. ధర 4.4 లక్షల పౌండ్లు, అదీ ప్రజల సొమ్ముతో, విరాళాలతో. అమ్మింది జార్జ్ గ్రీన్‌హాల్ అనే పెద్దాయన. తాతలు కొన్నారని చెప్పి, 1892 నాటి ఓ బంగళా వేలం కేటలాగు చూపించాడు. కేటలాగు నూటికి నూరుపాళ్లు అసలుది! అందులో ‘ఈజిప్టు బొమ్మలు’ అని ఓ ముక్క ఉంది. బ్రిటిష్ మ్యూజియం చూసింది, క్రిస్టీస్ చూసింది, ఔనంది. నిజానికి దాన్ని చెక్కింది ఆయన కొడుకు షాన్, ఇంటి వెనక షెడ్డులో. రెండేళ్ల తర్వాత ఈ కుటుంబమే అసీరియా శిల్పాలు అమ్మబోతే, వాటి మీది మేకు ఆకారపు లిపిలో తప్పులు దొర్లాయి. అక్కడ దొరికిపోయారు. 2007లో షాన్‌కు నాలుగేళ్ల ఎనిమిది నెలల జైలు. ఎనభై దాటిన తండ్రి చక్రాల కుర్చీలో కోర్టుకు వచ్చాడు. 2010లో ఆ రాకుమారిని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పోలీసులు నకిలీల ప్రదర్శనలో పెట్టారు.

అన్నట్టు, లవ్‌జాయ్‌ని కన్న డాక్టరు జాన్ గ్రాంట్ 1933లో పుట్టింది కూడా ఆ బోల్టన్‌లోనే!